మతి తప్పినవాడికి చట్టంలో రక్షణ
(కె.వి.కుప్పం కార్మికుల సభలో సంఘం కార్యదర్శి ప్రసంగం)



"పిచ్చివాడైతే హత్య చేసినా వదిలేస్తారట గదా?" అని మిల్లు గేటు దగ్గర అడుగుతుంటారు. అది సగం మాటే.

పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను. రెండూ చెప్పేది ఒకటే. చేస్తున్న పనేమిటో, అది తప్పని గాని ఆ సమయాన మతిభ్రమ వల్ల తెలుసుకోలేనివాడు నేరస్తుడు కాడు. కోపం గాని, తానై తాగిన మత్తు గాని ఇందులోకి రావు. జబ్బు పేరొక్కటే చాలదు.

రుజువు చూపాల్సింది నిందితుడే. అయితే ప్రాసిక్యూషన్ అంత గట్టిగా అక్కర్లేదని, అలా జరిగి ఉండవచ్చని తోస్తే చాలని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యను చంపిన మహారాష్ట్ర కానిస్టేబులొకరిని 2002లో అదే కోర్టు నిర్దోషి అన్నది. ఘటనకు ముందూ తర్వాతా జరిగిన వైద్యమే అతనికి సాక్ష్యమైంది. ఇలా విడుదలైనవాణ్ణి ఊరికే వదలరు. ఆసుపత్రిలో ఉంచుతారు, లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగిస్తారు.

మరి మన ఇళ్లలో? జబ్బు దాచిపెడతాం, తాయెత్తు కడతాం, చివరికి గొలుసు వేస్తాం. 2001 ఆగస్టు 6న ఏర్వాడి మంటల్లో 28 మంది పోయారు. గొలుసులుండబట్టి పారిపోలేకపోయారు.

వేలూరు బాగాయంలో సి.ఎం.సి. మానసిక వైద్యశాల ఉంది, అడుక్కంపారైలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ముందే తీసుకెళ్లండి. చీటీలు తేదీలవారీగా దాచండి. కేసు వస్తే, 1987 చట్టం కింద మనోవ్యాధి ఉన్నవారికీ, పరిశ్రమల కార్మికులకూ ఉచితంగా ప్లీడరును ఇస్తారు. ఆ దరఖాస్తు రాయడానికి సంఘం ఆఫీసుకు రండి.