పుష్పలోయ పచ్చిక

హిమాలయమనగానే మనకు మంచు జ్ఞప్తికి వచ్చును. కాని మంచుకును అడవికిని నడుమ, వృక్షములు నిలువజాలని ఎత్తున, విశాలమైన పచ్చికబయళ్ళు కలవు. గఢ్వాలు ప్రజలు వానిని ‘బుగ్యాల్’ అందురు. ఉత్తరాఖండమునందు, చమోలీ జిల్లాలో, పుష్పవతీ నది పారు పుష్పలోయ యట్టి తావులలో నొకటి. 1931లో కామెట్ శిఖరము నెక్కి తిరిగి వచ్చుచు ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు దీనిని చూచెను. 1938లో అతడు ప్రకటించిన గ్రంథము వలన దీని పేరు లోకమంతట ప్రాకెను. గొఱ్ఱెల కాపరులకు మాత్రము ఈ లోయ అంతకు పూర్వమే తెలియును. కనుగొన్న కీర్తి వారికి దక్కలేదు.

ఈ పచ్చికకు ఏడాదిలో చిక్కు కాలము నాలుగైదు మాసములే. మే, జూన్ నెలలలో మంచు కరగును. జూలై, ఆగస్టులలో పువ్వులు విరియును. అక్టోబరు నాటికి బయలంతయు ఎండి పండుబారును. ఇంత స్వల్ప వ్యవధిలో విత్తు నుండి మొలచి, పెరిగి, మరల విత్తు కట్టుట కష్టము. కావున ఇచ్చటి మొక్కలలో అధిక భాగము ఏండ్ల తరబడి బ్రదుకునవి. ఆహారమును వేరులలో దాచుకొని మంచు క్రింద నిద్రించునవి. మన ఆయుర్వేద ఔషధశాలలలో దొరకు కటుకరోహిణి, జటామాంసి, అతివిష ఇట్టి ఎత్తులనుండి వచ్చునవే. మనము వాడునది వాని భూగర్భ భాగమునే యనుట గమనింపదగినది.

పచ్చిక దిగుబడిని కొలుచు విధానము మన రైతులకు క్రొత్త గాదు. పంటకోత ప్రయోగమునందు వలెనే, చదరపు మీటరు చట్టమును నేలపై నుంచి, అందలి మొక్కలను జాతుల వారీగా లెక్కించి, కోసి, ఎండించి తూచుదురు. అయితే పైభాగమును తూచి లేచినచో లెక్క సగము కూడ కాదు. ఇట్టి బయళ్ళలో నేలలోని వేరుల బరువు నేలపైని ఆకు బరువును మించుట సాధారణము. ఆ వేరులను త్రవ్వి, మన్ను కడిగి తూచుటకు చాల ఓర్పు కావలెను.

ఇక వివాదమునకు వత్తము. 1982లో ఈ లోయను జాతీయోద్యానముగా ప్రకటించి, పశువుల మేపును నిలిపివేసిరి. తరువాత పాలిగోనమ్ అను ఏపైన మొక్క దట్టముగా అల్లుకొని, పొట్టి మొక్కలకు వెలుతురు దక్కనీయకుండెను. మేపు మానుటయే దీనికి హేతువని కొందరు. కాదు, పూర్వము మందలు నిలిచి ఎరువెక్కిన తావులలోను, కొండచరియలు విరిగిన తావులలోను ఇది ప్రబలినదని మరికొందరు. ఇది పరదేశపు కలుపు గాదు, హిమాలయపు మొక్కయే.

ఇచ్చట తూనిక మనలను మోసగింపగలదు. పాలిగోనమ్ నిండిన మడిలో కోసిన మోపు బరువుగనే యుండును. అందు జాతులు మాత్రము కొద్ది. ప్రక్కనున్న పొట్టి పచ్చికలో మోపు తేలిక. కాని గసగసాల కుటుంబపు నీలిపువ్వును, జెరేనియమును, పొటెంటిల్లాయును అచ్చటనే చోటు దొరకించుకొనును. కాపరికి బరువుతోడను, అందును గొఱ్ఱె తిను మేత బరువుతోడను పని. ఉద్యాన పాలకులకు పువ్వులతో పని. ఈ రెండు లెక్కలను ఒక్కచో వేసి చూడకయే కాపరిని దోషిగా నిలుపుట తొందరపాటని మా అభిప్రాయము. అట్లని మందలను యథేచ్ఛగా తోలుడనియు మేము చెప్పము.

2005లో ఈ లోయ ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. పాలిగోనమును పెరికించు పని ఉద్యానోద్యోగులకు తప్పలేదు. నేలలో వేరు తునుక మిగిలినను అది మరల చిగిర్చును.