థమ్! కౌన్ ఆతా హై? – మనసు వాకిట కాపలా
(గోరిమేడులో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మనశ్శాంతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను స్వామీజీని కాను, డాక్టర్ని అంతకన్నా కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా ఇరవై నాలుగేళ్ళు చేసి బయటికొచ్చిన మనిషిని. కాబట్టి వేదాంతం జోలికి ఎక్కువ పోకుండా, మనందరికీ అలవాటైన యూనిట్ భాషలోనే చెప్తాను.

ముందుగా మనం కూర్చున్న ఈ చోటు పేరు చూడండి. గోరిమేడు. గోరి అంటే సమాధి అని మన తెలుగులోనూ ఉంది. మేడు అంటే తమిళంలో మిట్ట. అంటే గోరీల మిట్ట అన్నమాట. కానీ ఇదే మిట్ట మీద జిప్మర్ ఉంది. 1823లో ఫ్రెంచివాళ్ళు పెట్టిన వైద్య పాఠశాలకు వారసురాలు, 1964 నుంచి ఈ పేరుతో నడుస్తున్న పెద్దాసుపత్రి. యానాం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల పైగా ప్రయాణం చేసి మన తెలుగువాళ్ళు ఇక్కడికి వస్తున్నారంటే చావుకోసం రావడం లేదు, బతుకుకోసం వస్తున్నారు. పేరు వింటే ఒకటి, జరిగేది ఇంకొకటి. మన తలలో పుట్టే ఆలోచనలు కూడా చాలాసార్లు ఇలాంటివే. బోర్డు మీద రాసింది చదివి భయపడిపోతాం. లోపలికెళ్ళి చూడం.

మనలో సెంట్రీ డ్యూటీ చెయ్యనివాడు ఎవరైనా ఉన్నారా? రాత్రి రెండు గంటలకి చీకట్లో ఏదో కదిలింది. సెంట్రీ ఏం చేస్తాడు? కంగారుపడి కాల్చెయ్యడు. అలాగని "ఎవరైతే నాకేంటిలే" అని గేటూ తియ్యడు. "థమ్! కౌన్ ఆతా హై?" అని గట్టిగా అడుగుతాడు. వచ్చింది కమాండింగ్ ఆఫీసరైనా సరే జవాబు చెప్పాలి, ఆగమన్న చోట ఆగాలి. ఇందులో కోపం లేదు, అవమానం లేదు. అది పద్ధతి.

మరి మన మనసు గుమ్మం దగ్గర ఈ పద్ధతి ఎందుకు పెట్టుకోలేదు? అక్కడ కాపలా లేదు. ఎవడు పడితే వాడు వచ్చేస్తాడు. "కొడుకు నన్ను వదిలేశాడు" అని ఒక ఆలోచన వస్తుంది. దానికి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, రాత్రంతా కూర్చోబెట్టుకుంటాం. కొంతమంది ఇంకో రకం. ఆలోచన రాగానే దాంతో కుస్తీ పడతారు, "అలా అనుకోకూడదు, అనుకోకూడదు" అని. ఎంత తోస్తే అంత తిరగబడుతుంది. ఈ రెండూ కాకుండా మూడో పద్ధతి ఒకటుంది. ఆపి అడగడం.

నేను అడిగే ప్రశ్నలు నాలుగు.

మొదటిది: "నువ్వెవరు?" గుబులు అనేది పొగలాంటిది, చేతికి దొరకదు. దాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టాలి. "మనసు బాగోలేదు" అంటే కుదరదు. "మావాడు నన్ను వదిలేశాడు" అని రాయాలి. అప్పుడు మనిషి ఆనవాలు దొరికినట్టు.

రెండోది: "ఎక్కడ్నించి వచ్చావు?" పెట్రోలింగుకి వెళ్ళొచ్చినవాడు రిపోర్టు ఇచ్చేటప్పుడు చూసింది వేరు, విన్నది వేరు, ఊహించింది వేరు అని విడదీసి చెప్పాలి కదా. ఇక్కడా అంతే. చూసింది ఏమిటి? మూడు ఆదివారాలుగా ఫోను రాలేదు. అంతవరకే. వదిలేశాడు అన్నది ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, మనం కలుపుకున్నాం. వాస్తవం ఒక వాక్యం, తక్కిన పేజీ అంతా మన సొంత రచన.

మూడోది: "నిన్ను లోపలికి రానిస్తే ఏం చేస్తావు?" ఆ ఆలోచనను నమ్మిన రోజు మనం ఎలా ఉన్నామో చూసుకోవాలి. నిద్ర ఏమైంది, తిండి ఏమైంది, ఇంట్లోవాళ్ళతో నోరు ఎలా ఉంది, చెయ్యి గ్లాసు వైపు ఎన్నిసార్లు పోయింది? తర్వాత అదే పరిస్థితిలో, అదే ఫోను రాని ఆదివారం, ఈ ఆలోచన ఒక్కటీ లేకపోతే ఎలా ఉండేవాళ్ళమో కూడా చూడాలి. బహుశా మనమే ఫోను చేసేవాళ్ళం!

నాలుగోది: "నిన్ను తిప్పి చూస్తే?" వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి. "నేను మావాణ్ణి వదిలేశానా?" ఆ మూడు ఆదివారాలూ నేనూ చెయ్యలేదు కదా. ఇది మనల్ని మనం తిట్టుకోవడానికి కాదు. నిజం ఒకవైపు నుంచే కనబడుతోందా, రెండోవైపు కూడా ఏమైనా ఉందా అని చూడ్డానికి.

ఇవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి, నిజంగా కష్టం వచ్చినప్పుడు పనికొస్తాయా అంటారు. అడగవలసిన మాటే. అందుకని మా ఇంటి సంగతి చెప్తాను.

మాది యానాం పక్క ఊరు. మా ఆవిడకి రొమ్ములో గడ్డ కనిపిస్తే ఇక్కడికి తీసుకొచ్చాను. బయాప్సీ చేశారు, రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. గోరిమేడులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అన్ని వార్డుల్లో చేసినవాణ్ణి, ఎంతోమంది జవాన్ల పక్కన నిలబడినవాణ్ణి, అయినా ఆ రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టలేదు. ఒకటే మాట తిరుగుతోంది: "అంతా అయిపోయింది." మూడోరోజు పొద్దున ఆవిడే అంది, "ఏమండీ, రిపోర్టే ఇంకా రాలేదు. మీరు అప్పుడే నన్ను పంపించేశారా?" అని. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు ఆసుపత్రి చెట్టుకింద కూర్చుని కాగితం తీశాను. "అంతా అయిపోయింది." చూసింది ఏమిటి? గడ్డ ఉంది. పరీక్షకి ఇచ్చారు. ఆవిడ నా పక్కనే కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతోంది. ఊహించింది ఏమిటి? తక్కినదంతా. ఈ ఆలోచన వెంటబడి నేనేం చేస్తున్నాను? బతికున్న మనిషి పక్కన కూర్చుని ఆమె లేనట్టు ఏడుస్తున్నాను. తిప్పి చూస్తే, "అంతా అయిపోలేదు." దానికి సాక్ష్యం నా ఎదురుగానే ఉంది, చట్నీ సరిపోలేదని అంటోంది.

రిపోర్టు మంచిదే వచ్చిందని చెప్తే కథ సుఖంగా ఉండేది. అలా రాలేదు. క్యాన్సరేనన్నారు. ఇక్కడే నా మాట జాగ్రత్తగా వినాలి. ప్రశ్నించడం అంటే "అంతా మంచే జరుగుతుంది" అనుకోవడం కాదు. జబ్బు నిజం. ప్రశ్న వేస్తే నిజం ఎక్కడికీ పోదు, పోకూడదు కూడా. పోయింది ఏమిటంటే, నిజానికి నేను తగిలించిన తోక. ఆపరేషన్ ఎప్పుడు, మందులు ఎన్నిసార్లు, రక్తం ఎవరిస్తారు, ఊళ్ళో పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇవన్నీ పనులు. పనులు చెయ్యడానికి బుర్ర ఖాళీగా ఉండాలి. "అంతా అయిపోయింది" అనేది పని కాదు, అది చేతులు కట్టేసే తాడు. ఆ తాడు తెగాక వైద్యం పద్ధతిగా జరిగింది. ఆవిడ ఇవాళ మూడో వరసలో కూర్చుంది. రేపటి సంగతి నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు. ఇవాళ్టి సంగతి ఇద్దరికీ తెలుసు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన చుట్టూనే ఉంది. 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరికి వచ్చిన శ్రీ అరవిందులు, దానికి రెండేళ్ళ ముందు, 1908 జనవరిలో బరోడాలో విష్ణు భాస్కర్ లేలే అనే యోగి దగ్గర కూర్చున్నారు. ఆలోచనలు బయటినుంచి లోపలికి వస్తున్నాయి, చూసి అవతలికి నెట్టు అని లేలే చెబితే, మూడు రోజుల్లో మనసు నిశ్శబ్దమైందని ఆయనే తర్వాత రాసుకున్నారు. సెంట్రీ పనే కదా ఇది!

ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో తిరువణ్ణామలై ఉంది. అక్కడ రమణ మహర్షి చెప్పింది ఇంకా సూటి పద్ధతి. ఆలోచన వస్తే, ఇది ఎవరికి వచ్చింది అని అడగమన్నారు. ఆయనకు ఆ పేరు పెట్టింది మన తెలుగాయనే, కావ్యకంఠ గణపతి ముని, 1907లో.

మన వృత్తివాళ్ళలో చూడాలంటే అమెరికా నౌకాదళ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ ఉన్నారు. 1965 సెప్టెంబరులో ఆయన విమానం ఉత్తర వియత్నాంలో కూలింది. 1973లో విడుదలయ్యేదాకా ఏడేళ్ళ పైచిలుకు యుద్ధఖైదీ, అందులో నాలుగేళ్ళు ఒంటరి గదిలోనే. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ అనే పాతకాలపు తత్వవేత్త బోధ తనను నిలబెట్టిందని చెప్పారు. నా చేతిలో ఉన్నదేది, లేనిదేది అని ప్రతిదాన్నీ విడదీసి చూడడమే ఆ బోధ. ఇక వైద్యంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో గమనించింది ఏమిటంటే, కుంగిపోయినవాళ్ళ తలలో కొన్ని మాటలు వాటంతటవే వచ్చిపడుతుంటాయి, వాళ్ళు వాటిని పరీక్షించకుండానే నమ్మేస్తారు అని. వాటికి సాక్ష్యం ఏదీ అని రోగి చేతనే వెతికించే చికిత్స ఆయన తయారుచేశారు. ఈనాడు పెద్ద ఆసుపత్రుల మానసిక విభాగాల్లో వాడే పద్ధతుల్లో అదొకటి.

ఇప్పుడు మూడు హెచ్చరికలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, ఈ ప్రశ్నలు మనకోసం. ఎదుటివాడి మీద ప్రయోగించకూడదు. భర్త పోయిన చెల్లెమ్మ ఏడుస్తుంటే "అమ్మా, నీ ఆలోచన నిజమేనా?" అని అడిగేవాడు మనిషి కాడు. అక్కడ మన పని పక్కన కూర్చోవడం.

రెండు, అన్యాయం జరిగితే ప్రశ్న వేసుకుని ఊరుకోమని కాదు. పెన్షను తక్కువ లెక్క కట్టారనుకోండి, అర్జీ పెట్టాల్సిందే. "వీళ్ళంతా నా మీద కక్ష కట్టారు" అన్న ఆలోచనను గేటు దగ్గర ఆపితే అర్జీ ఇంకా బాగా రాస్తాం, అంతే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆశ లేకపోయినా, చచ్చిపోవాలని అనిపించినా, కాగితం పెన్నుతో కూర్చోవద్దు. ఒంటరి సెంట్రీ ముందు ఒక దళమే దిగితే వాడేం చేస్తాడు? అలారం మోగిస్తాడు. అది పిరికితనం కాదు, అదీ డ్యూటీయే. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం కూడా, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చూడాలి తప్ప నేరస్థుడిగా శిక్షించకూడదు. కాలికి గుండు తగిలితే స్ట్రెచర్ ఎక్కడానికి మనం సిగ్గుపడలేదు. మనసుకి తగిలితే సిగ్గెందుకు?

తమ్ముళ్ళకి ఒక మాట. యూనిఫాం విప్పినా మన డ్యూటీ ఒకటి మిగిలే ఉంది. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఆ రోజు ఎక్కువ పీడించిన మాట ఒక్కటి రాయండి, నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పగలిగిన ఆలోచనను రానివ్వండి, దాని పని చేసిపెట్టండి. జవాబు లేనిదాన్ని తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. గేటు బయటే నిలబడనివ్వండి. తెల్లారేసరికి చాలావరకు అదే వెళ్ళిపోతుంది. వెళ్ళకపోతే మరుసటి రాత్రి మళ్ళీ అడుగుదాం. మన దగ్గర ఓపికకు లోటేముంది, రాత్రంతా నిలబడ్డవాళ్ళం కదా!

 జై హింద్.