కెమెరా దొంగల పాలైతే – మళ్లీ కొనేముందు

సేద్యం చేసేవానికి ఎద్దుల జత ఎలాంటిదో, నేతగానికి మగ్గం ఎలాంటిదో, ఊరూరా తిరిగి పెళ్లిళ్లకూ నామకరణాలకూ ఫొటోలు తీసేవానికి కెమెరా అలాంటిది. అది అలంకారం కాదు, అన్నం పెట్టే పనిముట్టు. అలాంటి పనిముట్టు దొంగల పాలైతే ఏం చేయాలి? మళ్లీ కొనేటప్పుడు ఏది కొనాలి, ఎలా కొనాలి? ఈ విషయం గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన పావగడ తాలూకా సంగతి మీకు తెలియనిది కాదు. తుమకూరు జిల్లాలో, కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర ప్రాంతమే. ఇక్కడి ఫొటోగ్రాఫరుకు ఒక వారం మడకశిరలో పెళ్లి, మరో వారం చళ్లకెరెలో గృహప్రవేశం, ఆ తర్వాత హిందూపురంలో నామకరణం. భుజాన సంచి, బస్సు ప్రయాణం, అర్ధరాత్రి తిరుగు దారి. వస్తువు పోవడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి మరొకటి లేదు.

మా మంగళవాడ ప్రాంతంలో, నా దగ్గర చదువుకున్న ఒక యువకునికి అదే జరిగింది. ముహూర్తం ముగించుకుని తెల్లవారుజామున బస్సెక్కి కునుకు తీశాడు. దిగేటప్పటికి సంచి లేదు. కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాష్, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పెళ్లి ఫొటోలున్న కార్డు, అన్నీ అందులోనే. ముందుకు మరో ఐదు పెళ్లిళ్లకు అడ్వాన్సు పుచ్చుకుని ఉన్నాడు. "సార్, రేపే వడ్డీకి తెచ్చి అదే కెమెరా కొనేస్తాను" అన్నాడు. "ఆగప్పా, మూడు పనులున్నాయి, అవి చేసి తర్వాత కొందువు" అన్నాను. ఆ మూడు పనులేమిటో ముందు చెబుతాను.

మొదటిది ఫిర్యాదు. వస్తువు ఏ ఊరి దగ్గర పోయిందో బస్సులో నిద్రపోయినవానికి ఎలా తెలుస్తుంది? మడకశిర దగ్గరా, పావగడ దగ్గరా? అతడు వెళ్లిన మొదటి ఠాణాలో "అది మా హద్దు కాదు" అన్నారట. సరిహద్దు జనానికి ఈ మాట కొత్త కాదు. కాని చట్టం అలా అనడం లేదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే వాడుకలో జీరో ఎఫ్ఐఆర్ అంటారు. వాళ్లు నమోదు చేసుకుని సంబంధిత ఠాణాకు పంపాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా చెల్లుతుంది, అయితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఠాణాలో తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా పంపుకోవచ్చు. అంతేకాదు, ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ పరిధిలోనైనా విచారించవచ్చు. కాబట్టి రాష్ట్రం హద్దు మనకు అడ్డు కానక్కరలేదు.

ఫిర్యాదులో "ఒక కెమెరా పోయింది" అని రాస్తే చాలదు. కంపెనీ, నమూనా, సీరియల్ నంబరు రాయాలి. సెల్‌ఫోనుకైతే ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది, 2023లో మొదలైన సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు. కెమెరాకు ఆ సదుపాయం లేదు. దానికి ఉన్న గుర్తు సీరియల్ నంబరు ఒక్కటే. బిల్లు, పెట్టె దొరక్కపోయినా దిగులు పడనక్కరలేదు. చాలా కెమెరాలు తీసిన ప్రతి ఫొటో ఫైలులోనూ తేదీ, లెన్సు వివరాలతో పాటు తమ సీరియల్ నంబరును కూడా దాస్తాయి. కంప్యూటరులో ఉన్న పాత ఫొటో ఒకటి తెరిచి ఆ వివరాలు చదివించుకుంటే నంబరు బయటపడుతుంది. మా యువకునికి నంబరు అలాగే దొరికింది.

రెండవ పని, నిజం చెప్పడం. పోయింది కెమెరా ఒక్కటే కాదు, ఒక ఇంటివారి పెళ్లి. కెమెరాను డబ్బుతో తెచ్చుకోవచ్చు, తాళి కట్టిన క్షణాన్ని తేలేము. ఇక్కడే మనిషి పరీక్షకు నిలబడతాడు. అతడు రెండు రోజులు ముఖం చాటేయకుండా, ఆ సాయంత్రమే పెండ్లికూతురి ఇంటికి వెళ్లి ఆమె తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన కోపగించుకున్నాడు, కోపగించుకోవలసిందే. అడ్వాన్సు తిరిగి ఇచ్చి, రెండు వైపుల బంధువుల ఇళ్లకూ తిరిగి, ఎవరెవరి సెల్‌ఫోన్లలో ఏ ఫొటోలున్నాయో అడిగి తెచ్చి, వరుసగా పేర్చి ఒక ఆల్బం చేసి ఇచ్చాడు. అది స్టూడియో ఆల్బం లాగా లేదు. కాని అందులో ఉన్న అమ్మమ్మ నవ్వు ఏ ఫొటోగ్రాఫరుకూ చిక్కేది కాదని ఆ ఇంటివాళ్లే తర్వాత అన్నారు.

మూడవ పని, తొందరపడకపోవడం. ఒప్పుకున్న పెళ్లిళ్లకు కెమెరా కావాలి, నిజమే. కాని కావలసింది కెమెరా, కొత్త కెమెరా కాదు. తోటి స్టూడియోవాళ్ల దగ్గర రోజు బాడుగకు తీసుకోవచ్చు. బెంగళూరులో కెమెరాలు, లెన్సులు బాడుగకిచ్చే అంగళ్లున్నాయి. రెండు పెళ్లిళ్లు బాడుగ కెమెరాతో తీస్తే, కొనబోయే వస్తువు మన చేతికి సరిపోతుందో లేదో కూడా తెలిసిపోతుంది. వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తేముందు బ్యాంకులో అడగండి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ముద్రా యోజన కింద చిన్న వృత్తులవారికి తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. శిశు అనే తరగతిలో 50 వేల రూపాయల వరకు, కిశోర్ తరగతిలో 5 లక్షల వరకు ఇస్తారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏది కొనాలి?

చాలామంది పోయిన వస్తువునే మళ్లీ కొంటారు. అదొక బాధ తీర్చుకోవడం లాంటిది. కాని మనం పూడ్చవలసింది పోయిన వస్తువును కాదు, ఆగిపోయిన పనిని. అందుకని ముందుగా ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు రాయండి. ఒక వరుసలో పోయినవి, రెండో వరుసలో మిగిలినవి. దొంగ ఏం తీసుకుపోయాడన్నదాని కంటే ఏం వదిలి పోయాడన్నదే మన కొనుగోలును నిర్ణయిస్తుంది.

ఎందుకంటే, లెన్సును కెమెరాకు తగిలించే పట్టును మౌంట్ అంటారు. ఒక్కో కంపెనీకి ఒక్కో పట్టు. నికాన్ వారి ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. కెనాన్ వారి ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చింది. సోనీ వారి ఈ మౌంట్ 2010లో వచ్చింది. 2018లో నికాన్ జెడ్ మౌంటును, కెనాన్ ఆర్ఎఫ్ మౌంటును తెచ్చాయి. ఇంట్లో రెండు మంచి లెన్సులు మిగిలి ఉంటే, వాటికి సరిపోయే కెమెరానే కొనడం తెలివి. కెమెరా విలువ ఏటేటా తగ్గిపోతుంది, మంచి లెన్సు పదిహేనేళ్లయినా పని చేస్తుంది. అన్నీ పోయినవానికి మాత్రం ఒక్క ఓదార్పు ఉంది. అతనికి ఏ కట్టుబాటూ లేదు, ఏ కంపెనీవైపైనా వెళ్లవచ్చు.

ఇప్పుడు అంగడికి వెళితే మిర్రర్‌లెస్ కెమెరాలు చూపిస్తారు. వెనకటి డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లోపల అద్దం ఉండేది, దీనిలో అద్దం లేదు. కంపెనీల శ్రద్ధ అంతా ఇప్పుడు వీటిమీదే ఉంది. పాత లెన్సులు వీటికి అడాప్టరుతో తగిలించుకోవచ్చు. కాని ఒక మెలిక చూడండి. లోపల మోటారు లేని పాత నికాన్ లెన్సులు కొన్ని ఉన్నాయి. నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో అవి తగులుకుంటాయి గాని, ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. కాబట్టి మీ లెన్సును అంగడికి తీసుకుపోయి, తగిలించి చూసి, తర్వాతే డబ్బు ఇవ్వండి.

అలాగని డీఎస్ఎల్ఆర్ పనికిరానిదై పోలేదు. అందరూ అద్దం లేనివాటివైపు మారుతున్నందువల్లే సెకండ్ హ్యాండులో మంచి డీఎస్ఎల్ఆర్‌లు, మంచి లెన్సులు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. తక్కువ డబ్బుతో మళ్లీ నిలదొక్కుకోవలసినవానికి ఇది వరమే. కాని వీడియో పని ఎక్కువగా ఉన్నవారు ఆలోచించాలి. పాత డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి ఒక్కసారికి అరగంటలోపే రికార్డింగు ఆగిపోతుంది. ముహూర్తం మధ్యలో అలా ఆగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

లెన్సు సంగతి మరింత ముఖ్యం. మన పల్లె ఇళ్లలో గదులు చిన్నవి, వెలుతురు తక్కువ. కెమెరాతో పాటు వచ్చే సాధారణ 18–55 లెన్సును 55కి తిప్పితే దాని కన్ను ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగు రెట్లు వెలుతురును లోపలికి తీసుకుంటుంది. అందుకే చిన్న సెన్సారు కెమెరా ఉన్నవారికి 17–50, ఎఫ్ 2.8 లాంటి లెన్సు ఒకటి ఉంటే సగం పెళ్లి గట్టెక్కినట్టే. దానికి తోడు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు చవకైనది, ముఖచిత్రాలకు చక్కగా ఉంటుంది. అయితే చిన్న సెన్సారు మీద అది దాదాపు 75 లెన్సు లాగా పని చేస్తుంది, చిన్న గదిలో కుటుంబమంతా అందులో పట్టరు. మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర కృష్ణమృగాలను తీయాలనే సరదా ఉన్నవారికి 300 మిల్లీమీటర్ల పొడవు లెన్సు కావాలి. కాని అది సరదా పద్దు. ముందు అన్నం పెట్టే లెన్సు, తర్వాత జింకల లెన్సు.

ఇంకొక సంగతి. ఇప్పుడు కల్యాణ మంటపాలన్నిటా ఎల్ఈడీ దీపాలే. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక ఇలాంటి దీపాలు చాలావరకు సెకనుకు వందసార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది, ఫొటోలో నల్లటి చారలు పడతాయి. సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు షట్టరు పెట్టుకుంటే చాలావరకు పోతాయి. వీడియో కోసం తయారైన కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాల్లో యాంత్రిక షట్టరే ఉండదు, వాటిలో ఈ బెడద ఎక్కువ. పెళ్లి ఫొటోలు తీసేవారు కొనేముందు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

డబ్బును ఎలా పంచుకోవాలి? నా లెక్క ఇది. చేతిలో వంద రూపాయలుంటే కెమెరాకు 40, లెన్సులకు 35, ఫ్లాష్‌కు 10, కార్డులు బ్యాటరీలు సంచికి 10, మిగిలిన 5 బీమాకు. చాలామంది 90 రూపాయలు కెమెరాకే పెట్టి, ఒకే కార్డుతో, ఒకే బ్యాటరీతో పెళ్లికి బయలుదేరుతారు. రెండు కార్డులు పట్టే కెమెరా దొరికితే అదే ఎన్నుకోండి. ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేటట్టు పెట్టుకుని, పని ముగియగానే ఒక కార్డు తీసి చొక్కా జేబులో వేసుకోండి. సంచి పోయినా పెళ్లి మిగులుతుంది.

సెకండ్ హ్యాండు కొనేవారు నాలుగు పరీక్షలు చేయాలి. షట్టరు ఎన్నిసార్లు కొట్టుకుందో అడగాలి. చాలా కెమెరాల షట్టర్లు లక్ష నుంచి రెండు లక్షల దాకా పని చేసేటట్టు తయారవుతాయి. లెన్సులో టార్చి వేసి బూజు ఉందేమో చూడాలి. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సారు మీది దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. మన మెట్ట ప్రాంతంలో బూజు కంటే దుమ్ముదే బాధ. నాలుగవది అన్నిటికంటే పెద్దది. బిల్లు చూడాలి, బిల్లులోని నంబరూ కెమెరా మీది నంబరూ ఒకటేనా అని చూడాలి. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. చట్టం మాట పక్కన పెట్టండి. సగం ధరకు బిల్లు లేకుండా వచ్చిన కెమెరా వెనక, మన వాడి లాంటి మరొక యువకుడు బస్టాండులో తల పట్టుకుని కూర్చుని ఉంటాడు. కొత్తదైనా బిల్లుతోనే కొనాలి. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ పన్ను మిగుల్చుకుందామని బిల్లు వదులుకుంటే వారంటీ పోతుంది, బీమా పోతుంది, రేపు ఠాణాలో చూపడానికి ఆధారమూ పోతుంది.

బీమా తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇల్లు దాటి బయట పోయినా ఇస్తారా? వృత్తికి వాడే కెమెరాకు వర్తిస్తుందా? బండిలో వదిలి పోయినప్పుడు జరిగిన దొంగతనానికి ఇస్తారా? చాలా పాలసీల్లో మెలికలు ఈ మూడింటి దగ్గరే ఉంటాయి. సొమ్ము అడిగేటప్పుడు ఎఫ్ఐఆర్ ప్రతితో పాటు, వస్తువు దొరకలేదని పోలీసులిచ్చే పత్రం కూడా అడుగుతారు. కర్ణాటకలో దాన్ని సి రిపోర్టు అంటారు. బీమా లేకున్నా ఆ కాగితాన్ని తెచ్చుకుని దాచుకోవడం మంచిది.

కోట కొల్లబోయిన తర్వాత దిడ్డి తలుపు వేశారని కన్నడంలో ఒక సామెత. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని తెలుగులో మనమూ అంటాం. రెండు భాషలూ ఒకే బుద్ధి చెబుతున్నాయి. ఈ ప్రసంగం వింటున్నవారిలో కెమెరా ఉన్నవారెవరైనా ఉంటే, ఈ రాత్రి పడుకునేముందు ఒక పని చేయండి. కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబరు, ఒక్కో లెన్సు మీది నంబరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. బిల్లును ఫొటో తీసి ఇంట్లో మరొకరి ఫోనుకు పంపండి. పది నిమిషాల పని. ఆ పుస్తకం తెరవవలసిన రోజు మీకు ఎన్నడూ రాకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.