రాబందులు చెప్పే పాఠం



ఒక ప్రాంతంలో నివసించే ఒకే జాతి ప్రాణుల మొత్తాన్ని జీవావరణ శాస్త్రం 'జనాభా' అంటుంది. పరస్పరం ఆధారపడిన అనేక జాతుల జనాభాల కూటమి 'జీవ సముదాయం'. ఒక జనాభా క్షీణిస్తే సముదాయమంతా చలిస్తుంది.

ఇందుకు మన రాబందులే నిదర్శనం. తెల్లవీపు రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి గూడు కట్టడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. అందువల్ల మరణాలు హెచ్చితే జననాలు ఆ లోటును పూడ్చలేవు. 1990 దశకంలో జరిగినది అదే. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు, కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2007 నాటికి మన దేశంలో ఈ జాతి నూటికి 99 వంతులకు పైగా నశించింది. తినేవారు లేని కళేబరాలపై ఊరకుక్కలు పెరిగాయి. రేబిస్ ముప్పు హెచ్చింది. ముంబయిలో పార్శీల అంత్యక్రియల సంప్రదాయానికి సైతం చిక్కు ఏర్పడింది.

రాబందుకు దేశాల సరిహద్దులు లేవు. పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో కారణాన్ని వెల్లడించింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో ఆ మందును నిషేధించాయి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉన్నది. మన ఊరి పశువులకు ఏ మందు ఇస్తున్నారో అడిగి తెలుసుకోవడం ఇక మన కర్తవ్యం.