విశ్రాంతి కూడా సాధనే

మన భద్రాచలం బిడ్డ గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఇటు కిన్నెరసాని గిరిజన క్రీడా పాఠశాల నుంచి అటు ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియం దాకా ఎందరో పిల్లలు అలాంటి కలలతోనే చెమటోడుస్తున్నారు. వాళ్లకు ఒక మాట చెప్పాలి. సాధనలో అలసిన కండరం బలపడేది విశ్రాంతిలోనే.

ఆ విశ్రాంతి కరువైతే నిద్ర పట్టదు, ఆకలి మందగిస్తుంది, చీటికిమాటికి జలుబు చేస్తుంది. ఎంత పరుగెత్తినా వేగం తగ్గుతుంది. తిండి చాలని ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు, ఎముకల్లో సన్నని పగుళ్లు రావచ్చు. ఈ స్థితి ముదిరితే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

పొద్దున మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్లు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. రోజూ 60 ఉండేది వరసగా కొన్నాళ్లు 70 దాటితే సాధన తగ్గించండి.

ఇంకో జాగ్రత్త. సికిల్ సెల్ లక్షణం, అంటే వంశపారంపర్యంగా వచ్చే రక్తలోపం, ఉన్నవాళ్లు ఎండలో ఆగకుండా పరుగెత్తితే ప్రాణాపాయం కలగవచ్చు. మన ఏజెన్సీ పిల్లలకు ఆ రక్తపరీక్ష తప్పక చేయించాలి. పరుగు తర్వాత మూత్రం నల్లటి టీ రంగులోకి మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కోచ్‌లూ, తల్లిదండ్రులూ! వారానికి ఒక రోజైనా పిల్లలకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి. పతకం కన్నా బిడ్డ ఆరోగ్యం ముఖ్యం.