ఫిల్మ్ స్కూల్‌కి అప్లై చేస్తున్నారా? డ్రోన్ రెంట్‌కి తెచ్చే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిన టాపిక్ మీదే. "అన్నా, నాకు డైరెక్టర్ అవ్వాలనుంది, ఫిల్మ్ స్కూల్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా, ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని. కొందరు పుణె ఎఫ్‌టీఐఐ అంటారు, కొందరు కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ అంటారు, ఇంకొందరు డైరెక్ట్‌గా అమెరికానే. ప్రశ్న మాత్రం ఒకటే.

దానికి ముందు మా బాబాయ్ కొడుకు కథ చెప్పాలి. పేరు చెప్తే వాడు ఊరుకోడు, అందుకని తమ్ముడు అనే అందాం. వాళ్లది ఖమ్మం. బాబాయ్ మిర్చి యార్డులో గుమస్తా. తమ్ముడు బీటెక్ చేశాడు, క్యాంపస్‌లో ఆఫర్ కూడా వచ్చింది, కానీ జాయినింగ్ డేట్ వాయిదా పడుతూ పోయింది. ఆ గ్యాప్‌లో ఒక ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి అప్లై చేశాడు. రాత పరీక్ష దాటాడు. ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంట్లో పండగే.

ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక షార్ట్ ఫిల్మ్ తీశాడు. 11 నిమిషాలు. హీరోకి గతం గుర్తుండదు, వెనకాల ఒక సీరియల్ కిల్లర్. గింబల్, రెంట్‌కి తెచ్చిన డ్రోన్, హైదరాబాద్ బయట ఒక రిసార్ట్‌లో షూటింగ్. నిజం చెప్పాలంటే నేను చూసి "సూపర్ రా" అన్నాను. నాకూ అప్పటికి అంతే తెలుసు.

లోపల ముగ్గురు కూర్చున్నారట. రెండు నిమిషాలు చూసి ఆపేశారు. ఒకాయన అడిగాడు, "మీది ఏ ఊరు?" ఖమ్మం అన్నాడు. "నాన్నగారు ఏం చేస్తారు?" మిర్చి యార్డులో పని అన్నాడు. "అక్కడ ఒక రోజు ఎలా మొదలవుతుందో చెప్పండి." అంతే, మనవాడికి మాట రాలేదు. 22 ఏళ్లు ఆ ఇంట్లో ఉన్నాడు. వాళ్ల నాన్న పొద్దున ఎన్నింటికి వెళ్తాడో కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. సీటు రాలేదు.

బయటికొచ్చి నాకు ఫోన్ చేసి చాలా కోపంగా మాట్లాడాడు. "సినిమా గురించి అడగలేదన్నా, మిరపకాయల గురించి అడిగారు" అని. నాకూ అన్యాయమే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, వాళ్లు అడిగింది సినిమా గురించే.

ఇప్పుడు కొంచెం లెక్కలు చూద్దాం, మనం ఇంజనీర్లం కదా. ఎఫ్‌టీఐఐ పుణెలో 1960లో మొదలైంది, పాత ప్రభాత్ స్టూడియో ఉన్న స్థలంలోనే. సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ 1995లో. రెండూ కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద నడుస్తాయి. ముఖ్యమైన పీజీ కోర్సులకి ఏ డిగ్రీ అయినా చాలు, బీటెక్ అయినా బీకామ్ అయినా. మెయిన్ కోర్సులు మూడేళ్లు అనుకోండి. కానీ డైరెక్షన్‌లాంటి ఒక్కో విభాగంలో సీట్లు సుమారు పది, పన్నెండు. దేశం మొత్తానికి. అందులోనే రిజర్వేషన్ కేటగిరీలు కూడా.

అంటే ఏంటి? బాగా రాసినవాళ్లలో, బాగా తీసినవాళ్లలో కూడా ఎక్కువమందికి సీటు రాదు. మీకు రాకపోతే మీలో టాలెంట్ లేదని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా ఫిల్మ్ స్కూల్ తీసుకోలేదు. ఆయన లాంగ్ బీచ్‌లోని స్టేట్ యూనివర్సిటీలో చేరి, మధ్యలో వదిలేసి, మళ్లీ 2002లో ఆ డిగ్రీ పూర్తి చేశాడు. తనని వద్దన్న యూనివర్సిటీకే తర్వాత ట్రస్టీ అయ్యాడు. ఇది మోటివేషన్ కోసం చెప్పట్లేదు. అడ్మిషన్ కమిటీ కూడా తప్పు చేస్తుంది, మనం కూడా చేస్తాం, అది చెప్తున్నా.

సరే, మరి సెలక్షన్ ఎలా ఉంటుంది? పరీక్ష ప్యాటర్న్ మారుతూ ఉంటుంది కాబట్టి ఆ సంవత్సరం నోటిఫికేషన్ పీడీఎఫ్ మొత్తం చదవండి, రీల్ చూసి ప్రిపేర్ అవ్వద్దు. మామూలుగా అయితే రెండు మెట్లు. మొదటిది రాత పరీక్ష. జనరల్ నాలెడ్జ్, సినిమా, కళలు, వీటి మీద ప్రశ్నలు ఉంటాయి. రెండో మెట్టులో మీ విభాగాన్ని బట్టి ప్రాక్టికల్‌గా ఏదైనా చేయించడం, ఇంటర్వ్యూ. ఒక సందర్భం ఇచ్చి సీన్ రాయమంటారు, ఒక బొమ్మ చూపించి కథ చెప్పమంటారు. అమెరికా యూనివర్సిటీల్లో అయితే ఇదే పని వ్యాసాల రూపంలో, పోర్ట్‌ఫోలియో రూపంలో ముందే అడుగుతారు. మీ గురించి రాయండి, మీరు తీసిన చిన్న వీడియో పంపండి అని.

గమనించారా? జనరల్ నాలెడ్జ్ వదిలేస్తే ఎక్కడైనా వాళ్లు వెతికేది ఒకటే. ఈ మనిషి చూస్తాడా, చూసింది చెప్పగలడా? కెమెరా, లెన్స్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఇవన్నీ వాళ్లే నేర్పిస్తారు, అందుకే అది స్కూల్. డ్రోన్ షాట్ ఎవరి దగ్గరైనా ఉంటుంది, రోజు రెంట్ కడితే వస్తుంది. మీ ఇంట్లో మీరు చూసింది ఎవరికీ రెంట్‌కి దొరకదు.

2024లో కాన్ ఫెస్టివల్‌లో స్టూడెంట్ ఫిల్మ్స్ పోటీలో ఫస్ట్ ప్రైజ్ ఎఫ్‌టీఐఐ విద్యార్థికి వచ్చింది, చిదానంద నాయక్‌కి. ఆయన చదివింది ఎంబీబీఎస్, డాక్టర్. ఎఫ్‌టీఐఐలో చేరింది ఏడాది కోర్సులో. సినిమా దేని మీద? ఊళ్లో కోడిపుంజు ఎత్తుకుపోయే ఒక ముసలావిడ గురించి కన్నడ జానపద కథ. వాళ్ల నేల మీద కథ. అది ఫ్రాన్స్‌లో కూర్చున్నవాళ్లకి అర్థమైంది.

మన వైపు చూస్తే, బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్ సినిమాటోగ్రాఫర్ సెంథిల్ కుమార్ ఎఫ్‌టీఐఐలో చదివినవారే. శేఖర్ కమ్ముల సీబీఐటీలో ఇంజనీరింగ్ చేసి, తర్వాత వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో ఫిల్మ్ చదివారు. ఆయన మొదటి సినిమా డాలర్ డ్రీమ్స్ దేని గురించి? అమెరికా వెళ్లాలా వద్దా అని కొట్టుకునే కుర్రాళ్ల గురించి. తన చుట్టూ ఉన్నదే తీశారు.

మళ్లీ తమ్ముడి దగ్గరికి వద్దాం. సీటు రాకపోయాక ఒక నెల ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు బాబాయ్‌తో పాటు యార్డుకి వెళ్లాడు, మొదటిసారి. సీజన్ టైమ్. జెండా పాట అయ్యాక ఎవరి మొహం ఎలా మారుతుందో చూశాడు. కాంటా దగ్గర రైతు కళ్లు ఎక్కడుంటాయో చూశాడు. ఘాటుకి దగ్గుతూ దగ్గుతూ రోజూ ఫోన్ నోట్స్‌లో పది లైన్లు రాసుకున్నాడు. రూల్ ఒకటే పెట్టుకున్నాడు: కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే. "బాధగా ఉన్నాడు" అని రాయకూడదు. "టవల్ తీసి మళ్లీ అదే భుజం మీద వేసుకున్నాడు" అని రాయాలి. మీరు కూడా ఇది ఒక్క నెల చేసి చూడండి, సీన్ రాయమన్నప్పుడు చెయ్యి వణకదు.

ఆ నోట్స్‌లోంచి రెండో ఫిల్మ్ వచ్చింది. నాలుగు నిమిషాలు. ఫోన్‌తో తీశాడు. బాబాయ్ సాయంత్రం ఇంటికొస్తాడు. అక్క కూతురు, రెండేళ్ల పాప, "తాతా" అని పరిగెత్తుకుంటూ వస్తుంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి "ఆగు ఆగు" అంటూ వెనక్కి జరుగుతాడు. నేరుగా పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంటాడు. మళ్లీ సబ్బు పెట్టి కడుక్కుంటాడు. వాసన చూసుకుంటాడు. మూడోసారి కడుక్కుంటాడు. తేజ మిర్చి ఘాటు కదా, పాప కంట్లో పడితే అంతే. పాప బకెట్ పక్కన నిలబడి ఎదురుచూస్తుంది. అప్పుడు ఎత్తుకుంటాడు. అయిపోయింది. డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు. నీళ్ల చప్పుడు ఒక్కటే, దానికి ఇంకో ఫోన్ బకెట్ దగ్గర పెట్టి విడిగా రికార్డ్ చేశాడు.

నాకు పంపించి ఒక మెసేజ్ పెట్టాడు: "నా చిన్నప్పుడు నాన్న రాగానే నన్ను ఎత్తుకునేవాడు కాదన్నా. నేనంటే ఇష్టం లేదనుకునేవాణ్ని." నేను దానికి రిప్లై ఇవ్వలేకపోయాను.

బాబాయ్‌కి చూపించాడు. ఆయన రెండుసార్లు చూసి, "నీళ్ల చప్పుడు బాగా వచ్చిందిరా" అని ఫోన్ ఇచ్చేశాడట.

ఇంకో మూడు ప్రాక్టికల్ విషయాలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, అందరూ డైరెక్షన్‌కే పరిగెత్తకండి. ఎడిటింగ్, సౌండ్, సినిమాటోగ్రఫీ కూడా ఉన్నాయి. స్లమ్‌డాగ్ మిలియనీర్ సౌండ్‌కి ఆస్కార్ తెచ్చుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలో సౌండ్ చదివినవారే. కానీ దొడ్డిదారి అనుకుని మాత్రం తీసుకోవద్దు, ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే దొరికిపోతారు. మీరు సినిమా చూసేటప్పుడు ముందు మీకు ఏది తగులుతుంది, మాటా, చప్పుడా, వెలుతురా? ఆ జవాబును బట్టి ఎంచుకోండి.

రెండు, ఇంట్లో కాగితం పెట్టి మాట్లాడండి. నేను జాబ్ మానేసినప్పుడు నాన్నకి "ఇది నా ప్యాషన్" అని చెప్పాను. ఆయనకి ఆ మాట ఎందుకు పనికొస్తుంది చెప్పండి? ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, ఎన్నిసార్లు ట్రై చేస్తాను, రాకపోతే ఏం చేస్తాను, ఈ నాలుగూ రాసి చూపిస్తే ఆర్నెల్ల గొడవ తప్పేది.

మూడు, వచ్చిన జాబ్‌ని శత్రువులా చూడకండి. తమ్ముడి రెండో ఇంటర్వ్యూ అయిన వారంలోనే ఆఫీస్ నుంచి జాయినింగ్ మెయిల్ వచ్చింది. సెలక్షన్ లిస్ట్ ఇంకా రాలేదు. "ఏం చెయ్యమంటావన్నా, జాయిన్ అయితే ఇక ఇదే లైఫ్ అయిపోతుందేమో" అన్నాడు. నేను ఏదో పెద్ద స్పీచ్ రెడీ చేసుకుంటుంటే పక్కనుంచి బాబాయ్ ఫోన్ లాక్కున్నాడు. "జాయిన్ అవ్వమను. లిస్ట్‌లో పేరొస్తే నేనే వచ్చి పుణె రైలెక్కిస్తా. రాకపోతే మళ్లీ రాస్తాడు. ఈసారి యార్డు గురించి అడిగితే వాడికి తెలుసుగా" అన్నాడు.

వాడు సోమవారం జాయిన్ అయ్యాడు. లిస్ట్ ఇంకా రాలేదు. వస్తే చెప్తాను, రాకపోయినా చెప్తాను.

లైక్, షేర్ తర్వాత సంగతి. ముందు నోట్స్ యాప్ తెరవండి. మీ ఇంట్లో మీకు మాత్రమే కనిపించే పని ఒకటి, ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో ఒక్క లైన్ రాయండి. మీ అప్లికేషన్ అక్కడ మొదలవుతుంది. ఉంటాను, బై.