అతిథికిచ్చిన మాట



ఇంటికి చుట్టములను పిలువదలచిన గృహస్థు మొదట వాకిలి యూడ్పించును; నూతికడ చేదయు త్రాడును సరిగా నున్నవో లేవో చూచుకొనును; పడుకొనుటకు చాపలు చాలునో చాలవో లెక్కించుకొనును; పిమ్మట కబురు పంపును. కబురు ముందుగా పంపి, చుట్టము గుమ్మములో నిలిచిన తరువాత చీపురుకొరకు వెదకువానిని చూచి యిరుగుపొరుగువారు నవ్వుదురు. ఇది యొక యింటి సంగతి. నేడు ఊళ్లకు ఊళ్లే చుట్టములను పిలుచుచున్నవి. అందును సముద్రతీరమున నున్న పట్టణముల పిలుపు మిక్కిలి పెద్దది. రైలుస్టేషను గోడలమీదను, వార్తాపత్రికలలోను, మన చేతులలోని ఫోనులలోను నీలిసముద్రము, తెల్లని నురుగు, పరక చెత్తయైన లేని యిసుక కనబడుచుండును. రండు, చూడుడని ఆ బొమ్మలు పిలుచుచుండును. ఆ పిలుపు ఎవరిది? అది తప్పినచో జవాబు చెప్పవలసినవా రెవరు? ఈ ప్రశ్నలను విశాఖపట్టణపు తీరము దృష్టాంతముగా గైకొని నేడు విచారింతము.

విశాఖ పిలుచుట తప్పుకాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మొదలుకొని, గోస్తనీనది సముద్రమును కలియు భీమునిపట్టణము వరకు గల తీరమున చూడదగినవి పెక్కులున్నవి. రామకృష్ణా బీచి, 2002 వ సంవత్సరమునుండి ప్రదర్శనశాలగా నున్న కురుసుర జలాంతర్గామి, తొట్లకొండమీది బౌద్ధారామపు శిథిలములు, ఋషికొండ, ఎఱ్ఱమట్టి దిబ్బలు, ఇవన్నియు ఒక్కదారిలో నున్నవి. వచ్చినవారివలన ఆటో నడుపువాడును, మొక్కజొన్న పొత్తులు కాల్చి యమ్ము అవ్వయు, మురీమిక్స్చరు బండివాడును, బసగృహమునందలి పనివారును బ్రదుకుచున్నారు. 2024 వ సంవత్సరమున రాష్ట్రప్రభుత్వము పర్యాటకమునకు పరిశ్రమ హోదా నొసగినది. కావున ప్రకటనలు ఇకమీదట పెరుగునే గాని తరుగవు.

అయితే ప్రకటన యనగా నేమి? అది యొక మాట యిచ్చుట. వర్తకుడు తన సరకును లేనిపోని గుణములతో పొగడినచో, 2019 వ సంవత్సరపు వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము అతనికి పది లక్షల రూపాయలవరకు జరిమానా పడవచ్చును. ఊరిని పొగడి చేసిన ప్రకటన యిట్టి వర్తకుని మాటకంటె బరువైనది. ఏలయన, అది మన పన్నుల సొమ్ముతో, మనయందరి పేర, మనకు తెలియని దూరదేశపు మనుష్యునకు ఇచ్చిన మాట. ఆ మాట తప్పినచో సిగ్గుపడవలసినది ప్రకటన వ్రాసినవాడు మాత్రమే కాదు, మనమందరమును.

ఇచ్చిన మాటకు లెక్క యడుగుట యెట్లో తెలిసికొనుటకు ఋషికొండ చరిత్ర మిక్కిలి ఉపయోగకరము. 'బ్లూ ఫ్లాగ్' అనబడు నీలిజెండాను గూర్చి మీరు వినియుందురు. ఇది 1985 వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమున ఆరంభమైనది. స్నానమునకు తగిన నీరు, మురుగునీటి శుద్ధి, ఈ రెండును గల తీరగ్రామములను గౌరవించుటకై దీనిని పుట్టించిరి. ఇప్పుడు డెన్మార్కులో ప్రధానకార్యాలయము గల ఒక అంతర్జాతీయసంస్థ దీనిని నడుపుచున్నది. నీటి శుభ్రత, పరిసరముల నిర్వహణ, పర్యావరణవిజ్ఞానము, భద్రత అను నాలుగు శీర్షికలక్రింద 33 నియమములు కలవు. 2020 వ సంవత్సరము అక్టోబరులో మనదేశమున ఎనిమిది తీరములకు ఈ జెండా లభించినది. ఒడిశాలోని పూరీ, కేరళలోని కప్పాడు, అండమానులలోని రాధానగర్ మొదలగువానితోపాటు మన ఋషికొండయు అందున్నది. అందరము సంతోషించితిమి. పర్యాటకప్రకటనలన్నిటను ఆ జెండా రెపరెపలాడినది.

ఈ జెండాకు ఇతర బిరుదములకు లేని గుణ మొకటి యున్నది. రాజులిచ్చిన బిరుదము పండితుని పేరిట శాశ్వతముగా నిలిచెడిది. ఆయన పిమ్మట పుస్తకము ముట్టకున్నను బిరుదము పోయెడిది కాదు. నీలిజెండా యట్టిది కాదు. అది ఒక్క యేటికే. ఏటేట పరీక్ష జరుగవలెను. నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవు లెన్ని యున్నవో నిర్ణీతకాలములందు పరీక్షించి, ఫలితమును తీరమునందే పలకమీద వ్రాయవలెను. తప్పనిసరి నియమము చెడినచో జెండా దింపవలెను. 2025 వ సంవత్సరము మార్చిలో ఋషికొండయందు ఇదియే జరిగినది. చెత్త, ఊరకుక్కల సంచారము, పనిచేయని కెమెరాలు మొదలగు లోపములను గూర్చి ఛాయాచిత్రములతో సహా ఫిర్యాదు చేరినదనియు, అందుచేత గుర్తింపు తాత్కాలికముగా నిలిపివేయబడినదనియు పత్రికలు వ్రాసినవి. జెండా దిగినది. వెంటనే అధికారులు మేల్కొనిరి, తీరము శుభ్రపడినది, కొలదికాలమునకే గుర్తింపు మరల లభించినది.

దీనిని అవమానముగా చెప్పుకొనువారు కలరు. నాకు మాత్రము ఇది మేలైన కథగా తోచుచున్నది. ఐదేండ్ల ప్రకటనలు చేయలేని పనిని ఒక్క ఫిర్యాదు చేసినది. పిల్లవాని లెక్కలో తప్పు చూపిన ఉపాధ్యాయుడు వాని శత్రువు కాడు. నలుబదియేండ్లు బడిలో తప్పులు దిద్దినవాడను. దిద్దనివాడే శత్రువని నాకు తెలియును. లోపము పైకి చెప్పినచో ఊరిపేరు చెడునని కొందరు భయపడుదురు. ఊరిపేరు చెడునది లోపమువలన, చెప్పుటవలన కాదు. చెప్పనిచో చెడినది చెడినట్లే యుండును, వచ్చిన అతిథి తన యూరికి పోయి మనకు వినబడకుండ చెప్పును.

ఇక రెండవ దృష్టాంతము. రామకృష్ణా బీచియందు అలలపై తేలియాడు వంతెన నొకదానిని నిర్మించి 2024 వ సంవత్సరము ఫిబ్రవరి 25 వ తేదీన ప్రారంభించిరి. మరునాడే దాని చివరిభాగము విడివడి నీటిలో వేరుగా తేలినది. అప్పుడు దానిపై సందర్శకులు లేకుండుట మన అదృష్టము. అలల యుద్ధృతివలన పరీక్షార్థము తామే దానిని వేరుచేసితిమని అధికారులు వివరించిరి. ఎవరి మాట నిజమో తీర్పుచెప్పుట నా పని కాదు. నా ప్రశ్న వేఱు. ఎంత యెత్తు అలలకు ఆ వంతెన తాళునని నిర్ణయించిరి? ఆ పరీక్ష ఎవరు చేసిరి? ఏ తేదీన చేసిరి? ఈ మూడు విషయములును ప్రారంభోత్సవమునకు ముందే వంతెన మొగదల వ్రాసియుంచినచో, మరునాడు వివరణ యిచ్చుకొనవలసిన యవసరమే యుండెడిది కాదు. ముందు చెప్పినది సమాచారము. తరువాత చెప్పినది సంజాయిషీ.

మూడవది, ఎవ్వరును గమనింపని యిసుక సంగతి. ప్రకటనలలో మనము చూచు విశాలమైన యిసుకతిన్నె యంతయు ప్రకృతి యుచితముగా నిచ్చినది కాదు. ఈ తీరము వెంబడి కెరటములు ఇసుకను ముఖ్యముగా దక్షిణమునుండి ఉత్తరమునకు నడపుచుండును. ఓడరేవు కట్టడములు ఆ ప్రయాణమున కడ్డుపడినవి. దక్షిణమున నిలిచిపోయిన యిసుక ఉత్తరమున నున్న పట్టణతీరమునకు చేరదు. కెరటము మాత్రము ఉన్న యిసుకను తీసికొనిపోవుచునే యుండును. అందుచేత రేవునందు పూడికతీసిన యిసుకను తెచ్చి తీరమున పోయుచు వచ్చిరి. ఇట్లు చూడగా, ఇసుకయును ఒక పద్దు. ఏటేట ఎంత పోసిరి, ఎంత నిలిచినది, ఎంత వ్యయమైనది అను లెక్క పౌరులకు తెలియవలసినదే. బొమ్మలోని యందమునకు వెల యున్నదని తెలిసినవాడు తీరమున అడ్డదిడ్డముగా కట్టడములు లేపుటకు అంత సులభముగా సమ్మతింపడు.

నాలుగవది అన్నిటికంటె గొప్పది, ప్రాణము. బొమ్మలో సముద్రము ఎప్పుడును నవ్వుచుండును. నిజమైన సముద్రమునకు వేఱు ముఖము కలదు. ఒడ్డునకు వచ్చిన నీరు కొన్నిచోట్ల ఇరుకైన పాయగా కూడి వేగముగా వెనుకకు పోవును. అచ్చట కెరటము విరుగక నీరు నిలకడగా కనబడును; కావుననే తెలియనివారు అదియే క్షేమమైన చోటని దిగుదురు. అందు చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదక, తీరమునకు సమాంతరముగా కొంతదూర మీది, పాయ దాటిన పిమ్మట ఒడ్డున కీదవలెను. ఈ నాలుగు మాటలు జాలరివాని పిల్లకు తెలియును. హైదరాబాదునుండియో రాయపురమునుండియో వచ్చిన కళాశాల విద్యార్థికి తెలియవు. వానిని పిలిచినవారము మనము. పిలుపుతోపాటు ఈ హెచ్చరికను పంపకున్నచో, పిలుపు సగము మాత్రమే నిజము. రెండు ఫలకములు, నాలుగు ఎఱ్ఱజెండాలు, చాలినంతమంది లైఫ్ గార్డులు, వీనికి కావలసిన సొమ్ము ప్రకటనల సొమ్ముకంటె ముందు తీసి పెట్టవలెను.

ఇక్కడ నాకు జరిగిన చిన్న సంగతి చెప్పుదును. గత వేసవిలో మా మనుమరాలు నన్నొక తీరమునకు తీసికొనిపోయినది. ఊరిపేరు చెప్పను, ఏ యూరైనను కావచ్చును. అచ్చట అందమైన పలక యొకటి నాటియున్నది. నీటి నాణ్యత ఉత్తమమని దానిపై వ్రాసియున్నది. పరీక్ష జరిపిన తేదీ యని వ్రాసి, దానియెదుట ఖాళీ విడిచిరి. తొమ్మిదేండ్ల యా పిల్ల దానిని కూడబలుకుకొని చదివి, "తాతయ్యా, ఇది ఎప్పటి నీటి సంగతి?" అని యడిగినది. నేను జవాబు చెప్పలేకపోతిని. అచ్చటి కాపలావానిని అడిగితిని. "పలక పెట్టినవారికి తెలియునండీ" యని యతడు సవినయముగా చెప్పినాడు. పలక పెట్టినవారెవరో పలకమీద లేదు.

అతిథి యనగా తిథి లేనివాడని, అనగా ఈ దినమున వచ్చునని తెలియనివాడని మా గురువులు చిన్ననాడు వ్యుత్పత్తి చెప్పిరి. వచ్చువానికి తిథి లేకపోవచ్చును. పిలిచినవాని పలకకు తిథి యుండవలెను. అతిథిని దైవముగా చూడుమను ఉపనిషద్వాక్యమును పర్యాటకశాఖవారు ప్రచారమున కుపయోగించుకొనిరి. మంచిదే. కాని దేవుని యెదుట తప్పుడు లెక్క పెట్టరాదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

మనము చేయదగిన దేమి? కొత్తచట్టములు కోరవలసిన పని లేదు. 2005 వ సంవత్సరపు సమాచారహక్కు చట్టమునందలి నాలుగవ విభాగము, ఎవరును అడుగకయే కార్యాలయములు తమ వ్యయములను, నిర్ణయములను ప్రకటింపవలెనని చెప్పుచున్నది. అడిగినచో సాధారణముగా ముప్పది దినములలో జవాబీయవలెను. కావున ప్రతి తీరపట్టణమునందును పౌరులు అయిదు విషయములు అడుగవచ్చును. ప్రకటనలకును ఉత్సవములకును ఈ యేడు ఎంత వ్యయమైనది? పారిశుద్ధ్యమునకును మురుగునీటి శుద్ధికిని ఎంత వ్యయమైనది? నీటి పరీక్ష ఏ తేదీన జరిగినది, ఫలిత మేమి? లైఫ్ గార్డు లెంతమంది, ఏ వేళలందు ఉందురు? తీరమున పెద్దవల లాగుకొని, చేపలు ఎండవేసికొని జీవించు మత్స్యకారులతో, వారి చోటు తీసికొనుటకు ముందు ఎవరు సంప్రదించిరి? ఈ అయిదింటికి జవాబులు ఒక్క పలకమీద పట్టును. దానిని కార్యాలయపు బీరువాలో గాక, తీరమున, తెలుగులో, తేదీతో, బాధ్యుడగు అధికారి హోదాతో నిలుపవలెను.

ఇట్టి పలకను చూచి అతిథి వెనుకకు పోవునని భయపడనక్కరలేదు. ఈ దినము అలలు పెద్దవి, స్నానము వలదని వ్రాసిన యూరిని అతడు నమ్మును. మఱియొక దినమున ఆలుబిడ్డలతో వచ్చును. అన్నియు బాగున్నవని ఎల్లప్పుడును చెప్పు ఊరికి ఒక్కసారి మాత్రమే వచ్చును.

మా మనుమరాలికి నే నింకను జవాబు బాకీయున్నాను. ఈ వేసవిలో మరల అచ్చటికి పోవుదుము. ఆ ఖాళీలో ఒక తేదీ కనబడిన చాలును. కనబడనిచో, అది యెందుకు లేదో అడుగుచు ఒక యర్జీ వ్రాయించి, దానిపై నేను సంతకము చేసెదను. మీ యూరి తీరమున మీరును ఒకమారు ఆ పలక యెదుట నిలువుడు. ముందుగా తేదీ చూడుడు.

సెలవు.